ఎవరి తాలూకా

భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తూనే, రాజమండ్రిలో మరో మేత కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. కడుపునొప్పి అని మా ఓనరుగారికి అబద్ధం చెప్పాను.

పదింటికి రమ్మన్నవాళ్ళు నాలుగింటికి లోపలికి పిలిచారు. అక్కడి పెద్దాయన నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు.

"మీరు ఎవరి తాలూకా అండి?" అన్నాడు.

మా వైపు ఆ ప్రశ్నకు జవాబు చెప్పనివాణ్ణి మనిషిగా లెక్కెయ్యరు. ఊరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను. అక్కడితో ఆగినా సరిపోయేది. కాస్త విలువ పెరుగుతుందనుకుని మా ఓనరుగారి పేరు కూడా చెప్పాను.

"ఆయన మాకు బావ అవుతారండి," అంటూ ఫోను అందుకున్నాడు. వద్దండి అని రెండుసార్లు బతిమాలాను. "మీవాడు మా దగ్గర కూర్చున్నాడు బావా," అని చెప్పి, నవ్వుతూ రిసీవరు నా చేతిలో పెట్టాడు.

"నొప్పి తగ్గిందా?" అన్నారు మా ఓనరుగారు, చాలా నెమ్మదిగా.

ఆ ఉద్యోగం రాలేదు, ఈ ఉద్యోగం పోలేదు. పోయినా బాగుండేది. నేనెప్పుడు సెలవడిగినా ఆయన పదిమంది ముందూ, "ఈసారి ఏ ఊళ్ళో నొప్పి?" అనేవారు.

రెండేళ్ళ తరవాత నిజంగానే అపెండిక్స్ నొప్పి వచ్చింది. సెలవు అడగలేదు. మేత బస్తాల మీదే పడిపోయాను.