కాసులమ్మ పేరు మీద ఫోను

జాలరిపేటలో కాసులమ్మను ఎరగనివాళ్లు లేరు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగిన మనిషి. నిన్నటి చేపను ఇవాళ్టిదని ఏనాడూ అమ్మలేదు. "కాసులమ్మ తెచ్చిందా? అయితే మొప్పలెత్తి చూడక్కర్లేదు" అనేవారు ఇల్లాళ్లు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండిపోయేది.

రెండువేల ఏడులో ఒక పొద్దున్న ఆమె గుమ్మం ముందు కానిస్టేబుల్ బండి ఆగింది.

"కాసులమ్మంటే నువ్వేనా? ఎలమంచిలిలో ఓ వ్యాపారిని చంపుతానని ఎవడో ఫోన్లో బెదిరిస్తున్నాడు. ఆ నంబరు నీ పేరున ఉంది."

"నాకు ఫోనెక్కడిది బాబూ? దాన్ని నొక్కడమే రాదు నాకు."

"పేరు నీది, ఇచ్చిన ఓటరు కార్డు నీది. రేపు స్టేషన్‌కి రా."

వీధంతా విన్నది. ఆ పూట ఆమె కుళాయి దగ్గరికి వెళితే అక్కడి మాటలు ఠక్కున ఆగిపోయాయి. వేట నుంచి వచ్చిన మొగుడు పోలిరాజు సంగతి విని జావగారిపోయాడు.

"ఎవుల్నైనా పట్టుకుని సర్దేద్దారే. పరువు పోద్ది."

"తప్పు సెయ్యకుండా సర్దుకుంటే సేసినట్టే గదా మావా. నాను సర్దుకోను."

రాత్రి నిద్ర పట్టక, తన కార్డు ఎవరి చేతికి వెళ్లిందా అని ఆలోచించింది. గుర్తొచ్చింది. ఎండాకాలంలో గ్యాస్ కనెక్షన్లు ఇప్పిస్తానని ఒకడు వచ్చాడు. ఫొటో, ఓటరు కార్డు జిరాక్సు అడిగాడు. వీధిలో చాలామంది ఇచ్చారు. గ్యాసూ రాలేదు, వాడూ రాలేదు.

తెల్లారగానే, పదో తరగతి చదివిన పక్కింటి సూర్యకళ చేత జరిగిందంతా కాగితం మీద రాయించింది. స్టేషన్లో ఎస్సై అది తీసుకుని, "సరే, చూస్తాం, వెళ్లు" అన్నాడు. కాసులమ్మ కదల్లేదు.

"ఇచ్చినట్టు ముద్రేసి నాకొకటి ఇయ్యండి బాబూ. రేపింకొకరు అడిగితే ఏటి సూపించాలి?"

ముద్ర వేయించుకుని తిన్నగా ఫోన్ కంపెనీ ఆఫీసుకి వెళ్లింది. అక్కడి గుమస్తా ఆ నంబరు మూయాలంటే దాని యజమానే రావాలన్నాడు.

"యజమాని ఎవులు బాబూ?"

"కాసులమ్మ."

"నానే. నాదైతే మూసెయ్యండి. నాది కాదంటే, కాదని రాసియ్యండి."

గుమస్తా నవ్వాపుకోలేక లేచి, మేనేజరుకి ఆమె కాగితం చూపించాడు. వెతికిస్తే ఆమె పేరు మీద మరో నంబరు కూడా బయటపడింది. రెండూ మూసేశామని రాసిచ్చారు.

చాలామంది అక్కడితో ఆగిపోయేవారు. కాసులమ్మ మాత్రం గ్యాస్ కోసం కార్డులిచ్చిన ఇంటింటికీ వెళ్లింది. ఎవరూ నోరు విప్పరు. పోలీసులంటే భయం.

"ఇయ్యాల నా గుమ్మం తొక్కినారు, రేపు మీ గుమ్మం తొక్కుతారు. అందరం కలిసెళ్తే మనం దొంగలం కామని తెలుస్తాది" అంది. ఎదురింటి గౌరీశ్వరి ముందుగా చెప్పులు వేసుకుంది. ఆ వెనక ఒక్కరొక్కరుగా ఆడవాళ్లంతా స్టేషన్‌కి నడిచారు. అందరూ చెప్పిన పోలికలు ఒక్కటే: తెల్లచొక్కా, పిల్లికళ్లు, తడబడే మాట. ఈసారి ఎస్సై వాళ్లను కూర్చోబెట్టి మరీ విన్నాడు.

వర్షాలు ముగిసేలోగా వాడు దొరికాడు. పేదల కార్డులతో సిమ్‌లు తీసి, అడిగినవాళ్లకు అమ్ముకుంటున్నాడట. బెదిరించినవాణ్ణీ వాడే పట్టించాడు.

స్టేషన్లో వాంగ్మూలం ఇచ్చిన రోజున ఎలమంచిలి వ్యాపారి రమణమూర్తి ఎదురుపడ్డాడు.

"నీ పేరు వింటేనే గుండె దడదడలాడేదమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఇప్పుడు సూసినారు గదా. మా పేట రండి, మంచి వంజరం సేప ఇస్తాను" అని నవ్వేసింది.

ఆ తర్వాత సూర్యకళ దగ్గర కూర్చుని పట్టుబట్టి అక్షరాలు దిద్దింది. జిరాక్సు ఎవరికివ్వాల్సి వచ్చినా, అది ఎందుకిస్తున్నదీ, ఏ తేదీన ఇస్తున్నదీ దాని మీద అడ్డంగా తన చేత్తో రాశాకే ఇచ్చేది. మిగిలిన కాపీలు షాపులో వదలకుండా చింపేసేది. వీధిలో ఆడవాళ్ల చేత కూడా అలాగే రాయించేది. ఆఫీసు పేరు చెప్పుకుని కార్డులడిగే కొత్త మనిషి పేటలోకి వస్తే, ఆడవాళ్లు ముందు గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతారు: "కాసులమ్మప్పని కలిసినారా?"