అత్త మొదటి చావు

నిన్న థియేటర్లో, తెరమీద మా మేనత్త మరోసారి చనిపోయింది. చుట్టూ అందరూ ముక్కులు చీదుతుంటే నాకు మాత్రం నవ్వు ఆగలేదు.

ఆమె చావు నేను మొదట చూసింది నాకు ఐదేళ్ళప్పుడు, మహారాష్ట్రలో భివండిలోని కనేరి పేటలో. శుక్రవారం మగ్గాలు బంద్ కాబట్టి అక్కడ నేతపని చేసే మన తెలుగువాళ్ళంతా సాయంత్రం తెలుగు నాటకానికి వచ్చారు. వారమంతా మగ్గాలకు నూలు కండెలు చుట్టే అత్తకు అందులో తల్లి వేషం. అది ఆమెకు మొదటి పెద్ద వేషం. కొడుకు కోసం ఎదురుచూస్తూ, దగ్గి దగ్గి కూలిపోయింది.

నాటకమంటే ఏమిటో నాకేం తెలుసు? "అత్తా, లే!" అని ఏడుస్తూ స్టేజీ ఎక్కి ఆమె మీద పడ్డాను.

శవం ఒక కన్ను తెరిచింది. "మంచిగనే ఉన్న బిడ్డా. జర సేపు నన్ను సావనియ్యి," అని గుసగుసలాడింది. మైకు పక్కనే ఉంది. జనం పడీపడీ నవ్వారు, ఈలలు వేశారు. అత్త నన్ను పక్కన పడుకోబెట్టుకుని మళ్ళీ చనిపోయింది. దడదడలాడే ఆమె గుండెను వింటూ నేనూ హాయిగా కళ్ళు మూసుకున్నాను.

తర్వాత మరాఠీ నాటకాల్లో, సీరియళ్ళలో, సినిమాల్లో అమ్మగా, నాయనమ్మగా ఎన్నోసార్లు పోయింది. ఒకసారి పడిపోయిందంటే ఎవరు పిలిచినా రెప్ప కదలదని ఆమెకు పేరు. ఆ శుక్రవారం మాత్రం, నా భయం పోవాలని, తన వేషాన్ని తనే చెడగొట్టుకుంది.