బబుల్ కాదు, బొబ్బర

నందిగామలో షేర్లు కొనిపెట్టే నా ఆఫీసుకి చందర్లపాడు నుంచి పుష్పవతిగారు బస్సులో వస్తారు. నాలుగెకరాల మిరపచేను ఒంటిచేత్తో సాగుచేసే మనిషి. మూడేళ్ల కిందట నేనే ఆవిడ చేత ఐదు టెక్నాలజీ కంపెనీల షేర్లు కొనిపించా.

మొన్న అవి దబదబా పడిపోయాయి. కంపెనీలు ఏఐ మీద కోట్లు కుమ్మరిస్తున్నాయి, రాబడి ఎప్పుడొస్తుందో తెలీదు, బుడగలా ఉబ్బిన ధరలు ఎప్పుడైనా పేలిపోతాయని జనం భయపడి అమ్మేస్తున్నారు. నేనూ కంగారుగా ఆవిడకి ఫోన్ చేసా. అప్పుడావిడ చేలో ఉన్నారు, పక్కన మందు కొట్టే మోటారు మోగుతోంది.

"ఇదంతా బబుల్ అంటున్నారండీ, అమ్మేద్దాం" అన్నా.

"బొబ్బరా?" అన్నారు. మిరపాకు ముడుచుకుపోయే ఆ తెగులు పేరే ఆవిడకి వినబడింది. సరిదిద్దబోతే విననే లేదు. "బొబ్బరొస్తే సోకిన మొక్క పీకేస్తాం అబ్బాయ్, చేనంతా దున్నేస్తామా? ఏ కంపెనీకి సోకిందో చూసి చెప్పు."

చూసా. నాలుగు కంపెనీలు సొంత లాభాల్లోంచే ఖర్చుపెడుతున్నాయి. ఐదోది అప్పు తెచ్చి పెడుతోంది, అమ్మకాలు మాత్రం లేవు.

"దాన్ని పీకెయ్. మిగతావి కాపుకొస్తాయిలే" అన్నారు ధీమాగా. ఫోన్ పెట్టబోతూ అడిగారు, "మరి నీ షేర్లేం చేసావ్?"

"పొద్దున్నే అన్నీ అమ్మేసానండీ."

"పచ్చటి చేను దున్నేసుకుని నాకు సలహా చెప్తున్నావా!"