రెండు కొట్టమన్న పోటీ

మా తోటికోడలు ఈత కొడుతుంటే నాకు కడుపు మండేది. ఈ మాట ఇప్పుడు దాచుకుని ఏం చేస్తాను?

గోదావరిఖనిలో మా కాలనీ స్విమ్మింగ్ పూల్‌కు ముందు వెళ్లింది నేను. నడుము నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెప్పాడు. ఆరు నెలలు ముక్కుల్లోకి నీళ్లు పోయి, దగ్గి, ఏడ్చి, చివరికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరడం నేర్చుకున్నాను. మరిది భార్య మాత్రం సరదాకని నా వెంట వచ్చి, నెల తిరక్కుండానే నన్ను దాటేసింది. మంథనిలో టీచరు గారి బిడ్డ. ఏ పనైనా ఆమెకు ఇట్టే పట్టుబడుతుంది. అది కూడా నాకు కోపమే.

అంతకంటే పెద్ద మంట నా పదేళ్ల బిడ్డ. "చిన్నమ్మా, కాళ్లు కొట్టుడు చూపియ్యవా?" అని ఆమె వెనకే తిరిగేది. నన్ను ఒక్కనాడూ అడగలేదు.

అన్నం దగ్గర కూడా ఆ ముచ్చటే. "చిన్నమ్మ ఇయ్యాల ఇరవై కొట్టింది అమ్మా. నువ్వు పన్నెండే."

కొన్నాళ్లు ఆ ఇరవై నన్ను తినేసింది. తర్వాత ఒకరోజు ఆమె పక్కనే ఈదుతూ చూస్తే సంగతి తెలిసింది. ఆమె గట్టు తాకిన ప్రతిసారీ ఒకటి లెక్కేస్తోంది. మా నాన్న గనిలో హాలేజీ మీద, అంటే బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం మీద పనిచేసినవాడు. ఖాళీ టబ్బులు లోపలికి పోయి, బొగ్గుతో పైకి వస్తేనే వాళ్లకు ఒక ట్రిప్పు. పోవడం ఒక్కటే లెక్కలోకి రాదు. నేనూ ఆ లెక్కలోనే పెరిగాను. పోయి వస్తేనే నాకు ఒకటి.

ఆ సాయంత్రం ఎంత సంబరమో! బిడ్డను కూర్చోబెట్టి మరీ చెప్పాను. "మీ చిన్నమ్మ ఇరవై అంటే మన లెక్కల పదే. నేనే రెండు ఎక్కువ కొట్టిన." ఆమెకు మాత్రం చెప్పలేదు.

కొద్దిరోజులకు కాలనీ ఆడవాళ్లకు ఈత పోటీ పెట్టారు. పెట్టించింది పూల్ చూసుకునే పెద్దాయన, అందరూ కాక అని పిలుస్తారు. ఆయన కూడా హాలేజీలోనే రిటైరయ్యాడు. గట్టు మీద నిలబడి, "ఆడోళ్లకు రెండు. జల్ది రండ్రి" అని కేకేశాడు.

తోటికోడలు నా వైపు తిరిగింది. "రెండే గదా అక్కా? ఒక్క ఊపుల కొట్టేస్త."

నాకు వెంటనే అర్థమైంది. కాక రెండు అంటే నాలుగు గట్లు. ఈమె పోయి వచ్చి ఆగిపోతుంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. బిడ్డ మా ఇద్దరి మధ్యే నిలబడి ఉంది. నేను టోపీ సర్దుకుంటూ, "రెండే" అన్నాను.

విజిల్ పడింది. నేను అవతలి గట్టు నుంచి సగం దూరం వచ్చేసరికే ఆమె పోయి వచ్చి గట్టు కడ్డీ పట్టుకుని నిలబడింది. టోపీ తీసి నా బిడ్డకు చెయ్యి ఊపుతోంది. నేను ఆమె పక్కనే గట్టు తాకి, వెనక్కి తిరిగి మళ్లీ ఈదాను.

"ఇంకొకటున్నది బిడ్డా, పో!" అని కాక అరుస్తున్నాడు. గోలలో ఆమెకు అది వినబడి, అర్థమై, బయలుదేరేసరికి నేను చాలా దూరం పోయాను. అయినా చివర్లో వచ్చి నా భుజం దాకా అందుకుంది. గెలిచింది మాత్రం నేనే.

నీళ్లలోంచి బయటికి వచ్చి ఆమె పగలబడి నవ్వింది. "నాకు లెక్కనే తెల్వలే అక్కా! నువ్వు మస్తు కొట్టినవ్." ఆ ముఖంలో ఎంత వెతికినా కోపం లేదు. దానికీ నాకు అసూయే కలిగింది.

బిడ్డ నా దగ్గరికి వచ్చింది. "చిన్నమ్మకెందుకు చెప్పలే అమ్మా?"

"ఆమె అడగలే" అన్నాను.

"అడిగింది. నేను ఆడనే ఉన్న."

ఇప్పుడూ వాళ్లిద్దరూ ఈతకు వెళ్తారు. "రా అక్కా, పోదాం" అని తోటికోడలు వాకిట్లో నిలబడి రోజూ పిలుస్తుంది. బిడ్డ పిలవదు.