మేడమ్మ ఎండ

ఆ అయిదంతస్తుల భవనం మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కనున్న రేకుల గదిలో కాపురముండేది కాబట్టి అందరూ ఆమెను మేడమ్మ అనేవాళ్లు. మెట్లు ఊడ్చి, మోటారు వేసినందుకు గది ఊరికే ఇచ్చారు. పొట్ట గడిచేది మాత్రం చుట్టుపక్కల లాడ్జీల దుప్పట్లు ఉతికి, మేడ మీదే ఆరేసి. పక్షవాతంతో కుడిపక్కంతా పడిపోయిన భర్తను పొద్దున్నే ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టేది. "ఈ బిల్డింగులో అందరి నెత్తి మీదా మనమే కదే!" అని అతను వంకరపోయిన నోటితోనే ఆమెను నవ్వించేవాడు.

ఒక వేసవిలో ఫ్లాట్ల యజమానులు మేడ నిండా సోలార్ పలకలు పెట్టించారు. దండేలు తెంపేశారు. రేకుల గది నీడ చివరి వరస మీద పడుతోందని బిగించేవాళ్లు తేల్చారు.

"గది తీసెయ్యాలమ్మా," అన్నాడు వాళ్ల సంఘం సెక్రటరీ. "మిమ్మల్నేమన్నా రోడ్డున పడేస్తామా? సెల్లార్లో మోటారు పక్కన చోటుంది."

"అక్కడ ఎండ పొడ కూడా తగలదు కదయ్యా! దుప్పట్లెక్కడ ఆరేసుకోను?"

"ఇంతమందికి మంచి జరుగుతుంటే నీ ఒక్కదాని కోసం ఆపమంటావా?"

సెల్లార్లో పట్టపగలే దీపం కావాలి. అందరి బిల్లులూ తగ్గాయి. మేడలో వాటా ఉన్నవాళ్లకే సోలార్ కరెంటని చెప్పి, ఆమె బల్బుకు మాత్రం వేరే మీటరు పెట్టారు. ఆరని దుప్పట్లు ముక్కవాసన కొట్టాయి. లాడ్జీలవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు.

వానాకాలంలో మబ్బు విడిచిన ఒక మధ్యాహ్నం, ఉండబట్టలేక తడి దుప్పట్లు మేడెక్కించి ఆ పలకల మీదే పరిచింది. పలకల కరెంటు పడిపోయినట్టు సెక్రటరీ ఫోన్లో కనిపించింది. పైకొచ్చాడు. ఒక్కో దుప్పటీ లాగి, పిట్టగోడ మీంచి రోడ్డు మీదికి విసిరాడు. ఆమె పరుగున దిగేసరికి వాటి మీదుగా బస్సు పోయింది. మిగిలిన ఒక్క లాడ్జీ కూడా పోయింది.

చెమ్మకు భర్తకు దగ్గు పట్టుకుంది. "ఒక్కసారి ఎండలో కూర్చోబెట్టవే," అని పసిపిల్లాడిలా మారాం చేసేవాడు. ఆమె సెక్రటరీ కాళ్లావేళ్లా పడింది.

"బాబూ, లిఫ్టులో తీసుకుపోతాను. గంటసేపు కూర్చోబెట్టి తెచ్చేస్తా."

"లిఫ్టు ఓనర్లకమ్మా. అయినా పైన కుర్చీ వెయ్యడానికి చోటెక్కడుంది?"

వానలు వెనకబట్టకముందే అతను పోయాడు.

"పోన్లే, పెద్దాయన కష్టం తీరింది," అన్నాడు సెక్రటరీ పలకరించడానికొచ్చి. లేవబోతూ ఆగాడు. "పలకల మీద దుమ్ము పేరుకుంది. మెట్లతో పాటు అవి కూడా తుడిచెయ్."

ఎక్కడికి పోతుంది? తుడిచింది. మండే అద్దాల మీద గుడ్డ నడిపిస్తూ ఏడ్చేది. ఆ నీళ్లు కూడా అక్కడే తుడిచేసేది.

ఏడాది తిరక్కుండా రెండో అంతస్తువాళ్లు కరెంటు కారు కొన్నారు. దాన్ని చార్జింగు పెట్టుకోవడానికి సెల్లార్లో మోటారు పక్క చోటే అనువుగా ఉందన్నారు.

రెండు మూటలతో మేడమ్మ గేటు దాటుతుంటే ఎక్కడికని ఒక్కరూ అడగలేదు. తాళంచెవి ఇచ్చావా అని మాత్రం అడిగారు.