ఆరో సాలుకు కంది

మొన్న సంతకు వచ్చిన మా ఊరి మనిషి వనపర్తిలో మా గుమ్మం ముందు నిలబడి, "మీ మేనత్త పోయిందమ్మా. పొద్దుగాల పల్లికాయ ఒలుస్త ఒలుస్తనే ఒరిగిందట" అన్నాడు. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే, ఎన్ని ఒలిచిందో లెక్క చూసుకునే పోయి ఉంటుందని తోచి నవ్వూ వచ్చింది.

మీలో ఆమెను ఎరిగినవారు ఉండరు. తెలకపల్లి దాపున ఉన్న మా పల్లెను దాటి ఆమె పోయిందే తక్కువ. చిన్నతనంలోనే భర్త పోతే తమ్ముడింటికి, అంటే మా ఇంటికి వచ్చి, సేద్యమంతా తన చేతిలోకి తీసుకుంది. అక్షరం ముక్క రాదు. అయినా దేన్నీ ఒకటొకటిగా లెక్కపెట్టగా నేను చూడలేదు. పిడకలైతే నాలుగు, ఎనిమిది, పన్నెండు. రొట్టెలైతే రెండు, నాలుగు, ఆరు. "ఒక్కొక్కటి లెక్కవెడుతె పొద్దు వాలుతది బిడ్డా, దుంకాలె" అనేది.

నాకు ఆ దుంకుడు రాలేదు. ఊళ్లో ఒక పంతులు తన అరుగు మీద సొంతంగా నడిపే ఖాన్గీ బడికి పోయేదాన్ని. ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఐదో ఎక్కం దాకా ఎట్లాగో పాకాను, ఆరో ఎక్కం దగ్గర బండి కూలబడింది. పంతులు ఫిర్యాదు చేశాడు. నాయన ఊరుకుంటాడా? "ఎక్కం రాని పిల్లకు బడెందుకు? చేన్ల పనికి రానీ" అన్నాడు. అత్త అడ్డం పడి నెల గడువు ఇప్పించింది. బడి పోతుందేమోనని నాకు అన్నం సయించలేదు.

అప్పుడే విత్తనాల రోజులు వచ్చాయి. పల్లి ఐదు సాళ్లు వేస్తే ఆరో సాలుకు కంది వేయడం మా వైపు పద్ధతి. వాన ముఖం చాటేసి పల్లి పోయినా కంది నిలబడుతుంది. మొదటి రోజు అత్తే చేనంతా నడిచి వేయించింది. రెండో రోజు ఇంట్లో పనిబడి, పక్క చేను నాకు అప్పగించింది. గట్టు మీద నిలబడి లెక్కపెట్టి, ఆరో సాలు రాగానే "కంది!" అని అరవడం నా పని. గొంతు పోయేలా అరిచాను. ఆ రోజు నేను పెద్ద ఆసామిని.

పదిహేను రోజులకు మొలకలు తేలాయి. నాయన గట్టు మీద నిలబడి నా చేనును చూసి మండిపడ్డాడు. కంది ఒత్తుగా పడింది. నేను కంది సాలునే మళ్లీ ఒకటి అని లెక్క మొదలుపెట్టాను!

"ఇగ బడి బంద్" అన్నాడు నాయన.

అత్త మాత్రం తప్పు పడిన చేనును ముచ్చటగా చూసింది. "బిడ్డా, మొదటి సాలు నుంచి లెక్కవెట్టు. నీ కంది యాడాడ ఉన్నది?"

"ఆరు, పదకొండు, పదహారు, ఇరవైయొకటి, ఇరవైయారు..."

"కొసకు ఆరు, ఒకటి, ఆరు, ఒకటి. పాట లెక్క వస్తలేదా? ఇది ఐదు దుంకుడు. నువ్వు తప్పలే, వేరే దుంకు దుంకినవ్. ఇగ నా చేను సూడు."

అత్త చేను పక్కన నడిచాను. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవైనాలుగు, ముప్పై. ముప్పైఆరు, నలభైరెండు... అక్కడ ఆగిపోయాను. ముప్పై దాటాక మళ్లీ మొదటి పాటే! కొసన ఆరు, రెండు, ఎనిమిది, నాలుగు, సున్న. అరుగు మీద నెలల తరబడి గొంతు చించుకున్నా చిక్కనిది కంది మొలకల్లో బారులు తీరి కనిపించింది. ఆ సంతోషం ఇంత వయసొచ్చినా నాలో తగ్గలేదు. నేనివాళ నలుగురు పిల్లలకు లెక్కలు చెబుతున్నానంటే అది అత్త పెట్టిన భిక్షే.

నాయన ఇంకా బిగుసుకునే ఉన్నాడు. అత్త ఆయన వైపు తిరిగింది. "తమ్మీ, ఆరేడ్లు ఎంత?"

నాయన మబ్బు కోసం వెతుకుతున్నట్టు ఆకాశం చూశాడు. కూలివాళ్లు మూతులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"నీకే తెల్వదు. పిల్లను బంద్ వెట్టేటందుకు మాత్రం ముందుంటవ్. పా, దుంకు."

చీర పైకి దోపుకుని తానే ముందు బయలుదేరింది. కంది సాలు నుంచి కంది సాలుకు పెద్ద అంగలు వేస్తూ, లెక్క అరుస్తూ పోయింది. వెనక పంచె ఎగ్గట్టుకుని నాయన, ఆయన వెనక నేను. నలభైరెండు దగ్గర నాయన కాలు మడతపడి మొలకల మధ్య చతికిలబడ్డాడు. పడ్డచోటే నవ్వడం మొదలుపెట్టాడు.

అత్త అప్పటికే అరవై దగ్గర నిలబడింది. నడుము మీద చేతులు, ముఖమంతా చెమట, నవ్వు.

"ఇంకెన్ని దుంకులున్నయి నా తాన్కి?" అని కేకేసింది.

నాయన వేళ్లు ముడుస్తుండగానే నేను "మూడు!" అని అరిచాను.

నాయన నా వైపు చూశాడు. ముడిచిన వేళ్లు విప్పేశాడు. "పొద్దుగాల లేసి బడికి పో" అన్నాడు.

ఎదురుగా అత్త రెండు చేతులూ చాచింది. నేను దుంకాను. నలభైఎనిమిది, యాభైనాలుగు...