డోంట్ వర్రీ అనడం నేర్చుకున్న రోజు

మద్రాసులో ఒక ఆసుపత్రి నుంచి నర్సు ఉద్యోగానికి పిలుపొచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ, అంతా ఇంగ్లీషులోనే. రాయమంటే రాస్తాను, మాట్లాడమంటే నోరు పెగలదు. అందుకే శనివారం పొద్దున ఆరున్నరకు బాపట్లలో పాసింజరు ఎక్కాను. ఇది తొంభైల చివరి మాట.

ఎనిమిదింటికి తెనాలి. స్టేషను బయట ఇడ్లీ తిని, మా పిన్ని కొడుకు శ్రీను పనిచేసే కంప్యూటర్ సెంటరుకు నడిచాను. టైపు చేసిన ఇంగ్లీషును కంప్యూటరే పైకి చదువుతుందని వాడు ఉత్తరం రాశాడు. రోగులతో మాట్లాడే వాక్యాలు నలభై రాసుకెళ్లాను. నిజంగానే చదివింది!

"ఎన్నిసార్లయినా అడుగక్కా, విసుక్కోదు," అన్నాడు శ్రీను.

మూడు గంటలు కూర్చున్నాను. ఇన్నేళ్లూ తప్పుగా పలికిన మాటలు పది పైనే దిద్దుకున్నాను.

పన్నెండున్నర బండికి రేపల్లె వెళ్లాను. నాకు బడిలో ఇంగ్లీషు చెప్పిన గ్రేసమ్మ టీచరుగారు రిటైరై అక్కడే ఉంటున్నారు. భోజనం పెట్టి, "ఏదీ, నేర్చుకున్నది చెప్పు," అన్నారు. "డోంట్ వర్రీ," అన్నాను, అచ్చం కంప్యూటరులాగే.

"ఏంటమ్మాయ్, ధైర్యం చెబుతున్నావా, బెదిరిస్తున్నావా?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. "పలకడం బాగుంది. ఇప్పుడు నాకు జ్వరమనుకో," అంటూ నా చెయ్యి తీసి తన నుదుటి మీద పెట్టుకున్నారు. నా గొంతు మెత్తబడేదాకా అదే మాట అనిపించారు. తర్వాత టేప్‌రికార్డరు పెట్టి నలభై వాక్యాలూ చదివి, నా కోసం క్యాసెట్టులో రికార్డు చేశారు. జలుబుతో ఆవిడ గొంతు పట్టేసి ఉంది. దగ్గొచ్చినప్పుడు నేను ఆపబోతే, "ఉండనీవే. ఆసుపత్రికి దగ్గేవాళ్లే కదా వచ్చేది," అన్నారు.

ఐదింటికి తిరుగు బండి. విన్నవి మరిచిపోకుండా మెల్లగా చెప్పుకుంటూ కూర్చున్నాను. భట్టిప్రోలులో క్యారేజీతో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. భర్తకు తెనాలిలో ఆపరేషనయిందట. కాసేపు నన్నే చూసి, "ప్రార్థన చేసుకుంటున్నావా అమ్మా?" అంది.

"కాదు పిన్నిగారూ, ఇంగ్లీషు నేర్చుకుంటున్నానండి."

"నాకు ముక్క అర్థం కాలేదు. కానీ వింటుంటే ధైర్యంగా ఉంది. ఇంకోసారి అనవూ?"

తెనాలి వచ్చేదాకా అంటూనే ఉన్నాను. బాపట్ల బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు, సోమవారమంటే భయం లేదు. నా మాటలు దిద్దిన కంప్యూటరుకు మనసులోనే దండం పెట్టుకున్నాను. టీచరుగారికైతే ఇంటికెళ్లగానే ఉత్తరం రాయాలనుకున్నాను. ఏం రాసినా తక్కువే అనిపించి ఆగిపోయాను. చివరికి మద్రాసులో ఉద్యోగంలో చేరాక, నర్సుల హాస్టలు నుంచి రాశాను.